కార్డు మీద పేరుంది, వ్యాసంలో మార్కు లేదు

అమెరికాలో పదకొండో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరింది. ఎనిమిదో తరగతి వరకు తెలుగునాట చదివి, తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మానాన్నలతో అక్కడికి వెళ్ళింది. ఈ ఏడాది, బడిలోనే కళాశాల స్థాయి పాఠం చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లిష్ లాంగ్వేజ్ కోర్సు తీసుకుంది. అక్కడి పిల్లలు దాన్ని ఏపీ లాంగ్ అంటారు. మన ఏపీతో దానికి చుట్టరికం లేదు. మే నెలలో పరీక్ష. చేతిలో ఉన్నది పది వారాలు.

సంవత్సరం మొదట్లోనే టీచరు 120 అలంకార పదాల జాబితా చేతికిచ్చారు. అనాఫొరా, ఎపిస్ట్రఫీ, కయాజ్మస్, సినెక్డకీ, మెటానమీ, లైటటీజ్, ఇలా సాగుతుంది. ప్రతి శుక్రవారం వాటి మీద చిన్న పరీక్ష. అందులో ఈ అమ్మాయికి ఇరవైకి పద్దెనిమిది తగ్గవు. ఇది చాలదన్నట్టు నాన్నగారు వెయ్యి కఠిన పదాలున్న కార్డుల పెట్టె కొనిచ్చి, రోజూ రాత్రి భోజనాల దగ్గర పది పదాలకు అర్థం అడుగుతున్నారు. "అర్థం చెప్పగలను. అదే మాట మర్నాడు వాక్యంలో పెట్టమంటే చెయ్యి ఆగిపోతుంది" అని రాసింది. వ్యాసాలకు మాత్రం ఆరింటికి రెండో మూడో వస్తున్నాయి. మార్జిన్‌లో టీచరు ఎర్ర సిరాతో ప్రతిసారీ ఒకటే రాస్తున్నారట: "అయితే ఏమిటి?" లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం మీద రాసిన వ్యాసంలో అలా చీవాట్లు తిన్న పేరా ఒకటి ఉత్తరానికి జత చేసింది.

రెండు అవమానాలు కూడా చెప్పుకుంది. "ఎపిటమీ" అనవలసిన మాటను తరగతిలో "ఎపిటోమ్" అని చదివితే వెనక వరసలో నవ్వులు వినిపించాయి. ఆ రోజు నుంచి పెద్ద మాటను నోటితో పలకడమే మానేసింది. ఇంకోసారి వ్యాసం గంభీరంగా ఉండాలని పర్యాయపదాల నిఘంటువు తిరగేసి, "ప్రసిద్ధుడైన లింకన్" అనబోయి "నొటోరియస్" అని రాసింది. టీచరు ఆ మాట చుట్టూ గీత గీసి పక్కన నవ్వుమొహం బొమ్మ వేశారు. "ఆ బొమ్మ కన్నా సున్నా వేసినా బాగుండేది" అంటుంది. నాన్నగారేమో తెలుగులో ఆలోచించడం మానేస్తేనే ఇంగ్లిష్ పట్టుబడుతుందంటున్నారు. తెలుగు కథల పుస్తకాలు అట్టపెట్టెలోకి వెళ్ళిపోయాయి. "జాబితా మొదటి నుంచి మళ్ళీ చదవనా, దాన్ని పక్కన పెట్టి వ్యాసాలే రాయనా, లేక పరీక్షే మానుకోనా?" అన్నది ఆమె ప్రశ్న.

చూడమ్మా, నీ నాలుగు పేజీల్లో పరీక్ష గురించి ఉన్నది ఒక్క వాక్యం. మిగిలినదంతా జాబితా గురించే. నీ చిక్కు అక్కడే మొదలైంది. కాబట్టి ముందు పరీక్ష సంగతి చూద్దాం.

మొత్తం మూడు గంటల పదిహేను నిమిషాలు. మొదటి గంటలో 45 బహుళైచ్ఛిక ప్రశ్నలు. స్కోరులో వాటి వాటా 45 శాతం. మిగిలిన రెండుంబావు గంటల్లో మూడు వ్యాసాలు; వాటి వాటా 55 శాతం. మూడింటిలో ఒకటి ఇచ్చిన ఆధారాలను కూర్చి వాదించేది, ఒకటి ఇచ్చిన రచనను విశ్లేషించేది, ఇంకొకటి పూర్తిగా నీ సొంత వాదన. అంటే అలంకారాలతో సూటిగా పని పడేది ఒక్క వ్యాసంలోనే. ఆ వ్యాసానికి ఉన్న ఆరు పాయింట్లలో ఒకటి నీ ప్రతిపాదన స్పష్టంగా చెప్పినందుకు, నాలుగు ఆధారాలు చూపి వాటిని వివరించినందుకు, చివరిది ఆలోచనలో లోతుకో శైలిలో పట్టుకో. అలంకారం పేరు సరిగ్గా చెప్పినందుకు విడిగా ఏమీ లేదు. పైగా ఆ చివరి పాయింటు గురించి, ఈ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు తన మూల్యాంకన సూత్రాల్లో ఒక హెచ్చరిక రాసిపెట్టింది: విశ్లేషణకు బలం ఇవ్వని జటిలమైన వాక్యాలూ భాషా ఆ పాయింటును తెచ్చిపెట్టవు. నువ్వు నిఘంటువు తిరగేసి పడ్డ శ్రమ ఏ ఖాతాలోకి వెళ్ళిందో ఇప్పుడు తెలిసిందా?

ఇక నీ పేరా. దాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "లింకన్ ఇక్కడ అనాఫొరా వాడారు. అసిండిటన్ కూడా వాడారు. శక్తిమంతమైన డిక్షన్ వాడారు. వీటివల్ల పాఠకుల ఆసక్తి పెరిగి, సందేశం బలంగా చేరుతుంది."

వరసగా వాక్యాలను ఒకే మాటతో ఎత్తుకోవడం అనాఫొరా, మధ్యలో "మరియు" లాంటి మాట లేకుండా చెప్పడం అసిండిటన్. తప్పు ఒక్కటి లేదు. అయినా టీచరు మాటే నాకూ నోటికొచ్చింది. చివరి వాక్యాన్ని కత్తిరించి ఏ ప్రసంగం కింద అతికించినా అతుక్కుంటుంది. సబ్బు ప్రకటన కింద కూడా. మూడో వాక్యం ఇంకా విచిత్రం. డిక్షన్ అంటే మాటల ఎంపిక. మాటలు ఎంచుకోకుండా ఎవరు రాస్తారు? "ఈ వంటలో మంచి పదార్థాలు వాడారు" అని చెప్పి వంట గురించి చెప్పేశాననుకోవడం లాంటిదది. వ్యాసాలు దిద్దే రోజుల్లో "రచయిత డిక్షన్ వాడారు" అన్న వాక్యం కనబడినప్పుడల్లా నాకు కలం పక్కన పెట్టి మంచినీళ్ళు తాగాలనిపించేది.

అదే చోటును దగ్గరగా చూద్దాం. 1863 నవంబరు 19. అమెరికా అంతర్యుద్ధం నడుస్తోంది. గెటిస్‌బర్గ్ యుద్ధం జరిగి నాలుగున్నర నెలలైంది. చనిపోయిన సైనికుల శ్మశానవాటికను అంకితం చేసే సభ. అధ్యక్షుణ్ణి పిలిచిందే ఆ పని కోసం. అలాంటి చోట నిలబడి ఆయన ఏమన్నారు? ఈ నేలను మనం అంకితం చేయలేము, మనం ప్రతిష్ఠించలేము, మనం పావనం చేయలేము అన్నారు. పిలిచిన పనినే చేయలేనంటున్నాడు ఈ మనిషి, అదీ మూడుసార్లు. ఒక్కసారి అంటే వినయం అనుకుంటాం, రెండోసారికి చెవి నిక్కబొడుచుకుంటుంది, మూడోసారికి "మరి ఎవరు చేయగలరు?" అన్న ప్రశ్న వినేవాడిలో పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టగానే జవాబు వస్తుంది: ఇక్కడ పోరాడినవాళ్ళు, బతికి ఉన్నవాళ్ళూ పోయినవాళ్ళూ, ఆ పని ఎప్పుడో చేసేశారు. మూడు నిరాకరణల మధ్య "మరియు" లాంటి మాట లేదు. అది పెట్టి ఉంటే జాబితా అక్కడితో ముగిసినట్టుండేది. అది లేనందువల్ల ఇంకా ఏదో రావాలన్న ఎదురుచూపు మిగిలింది.

అంతటితో అయిపోలేదు. "డెడికేట్" అన్న మాటను ఆ చిన్న ప్రసంగంలో లెక్కపెట్టు. ఆరుసార్లు కనబడుతుంది. మొదట ఒక దేశం ఒక సూత్రానికి అంకితమైంది. తర్వాత నేలలో ఒక ముక్కను అంకితం చేయడానికి వచ్చామన్నారు. ఆ తర్వాత చేయలేమన్నారు. చివరికి అంకితం కావలసింది నేల కాదు, ఇక్కడ నిలబడ్డ మనమే, మిగిలిపోయిన పనికి, అన్నారు. శ్రద్ధాంజలి ఘటించి ఇంటికి పోదామని వచ్చిన జనం వెళ్ళేటప్పుడు భుజాన బరువు వేసుకుని వెళ్ళారు. వాళ్ళకు తెలియకుండా ఆ బరువు ఎత్తిపెట్టింది ఒకే క్రియాపదం.

ఇప్పుడు పేరా రాయి: "శ్మశానాన్ని అంకితం చేయడానికి వచ్చిన సభలో లింకన్ ఆ పని తమవల్ల కాదని మూడుసార్లు ఒకే ఎత్తుగడతో చెప్పి, వచ్చిన పని అయిపోయిందనుకునే వీలు లేకుండా చేశారు. అంకితమన్న మాటను నేల మీది నుంచి తీసి వింటున్నవాళ్ళ మీద పెట్టేందుకు ఆ నిరాకరణ దారి వేసింది." ఇందులో అనాఫొరా అన్న మాట లేదు. కావాలంటే "ఒకే ఎత్తుగడతో" అన్నచోట పెట్టుకో, వాక్యం కొంచెం పొట్టిదవుతుంది. పెట్టకపోయినా మార్కు పోదు. పారిభాషిక పదం చేసే మేలు అంతవరకే: నాలుగు మాటల్లో చెప్పేదాన్ని ఒక మాటలో చెప్పనిస్తుంది. ఆ తర్వాత చెప్పవలసింది నీ దగ్గర లేకపోతే అది ఏమీ ఇవ్వదు.

ఏ రచన ముందు కూర్చున్నా, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో మాట్లాడుతున్నారో మొదట చూడు. తర్వాత అదే చోట అనగలిగీ అనని మాట ఏమిటో వెతుకు. నాకు ఎప్పుడూ పని చేసిన ప్రశ్న ఇదే. లింకన్ "ఈ నేలను అంకితం చేస్తున్నాను" అనవచ్చు. అనలేదు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే నువ్వు రాయవలసిన వ్యాసం. "అయితే ఏమిటి?" అని టీచరు అడుగుతున్నది దాని గురించే.

మరి శుక్రవారం దాటితే పేర్లు ఎందుకు నిలవడం లేదు? 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త మరపు మీద తన ప్రయోగాలు ప్రచురించాడు. నేర్చినది మొదటి గంటల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో చూపిన గీత ఆయనదే. అందరూ చెప్పే ఆ గీత గురించి అంతగా చెప్పని సంగతి ఒకటుంది: ఆయన కంఠస్థం చేసింది అర్థం లేని అక్షరాల గుంపులను. కావాలనే అర్థం లేనివి ఎంచుకున్నాడు. నీకు సినెక్డకీ కూడా ప్రస్తుతం అలాంటి అక్షరాల గుంపే. శుక్రవారం దాకా ఉంటుంది, శనివారం పోతుంది.

అర్థం తగిలించడానికి నీ దగ్గర తోటి విద్యార్థులకు లేని సామగ్రి ఉంది. ఎనిమిదో తరగతి వరకు తెలుగు చదివావు కాబట్టి ఉపమ, రూపకం, అతిశయోక్తి, అనుప్రాస నీకు కొత్త కావు. సిమిలీ, మెటఫర్, హైపర్బలీ, అలిటరేషన్ వాటి పక్కనే కూర్చుంటాయి. మెటానమీకీ సినెక్డకీకీ తేడా తెలియక తికమక పడుతున్నానన్నావు. "ఊరు ఊరంతా తరలివచ్చింది" అంటాం. ఊరు కదలదు, అందులో ఉన్న మనుషులు కదులుతారు. ఒకదానితో సంబంధం ఉన్న ఇంకోదాని పేరు పెట్టి పిలిచాం, అది మెటానమీ. వైట్‌హౌస్ ప్రకటించిందని వార్తల్లో వచ్చేదీ అదే. "ఆ ఇంట్లో తినే నోళ్ళు ఆరు, సంపాదించే చేతులు రెండు" అంటాం. మనిషిలో ఒక భాగాన్ని చెప్పి మనిషిని లెక్కపెట్టాం, అది సినెక్డకీ. మాట తన అసలు అర్థం కాక దానితో సంబంధం ఉన్న అర్థం ఇస్తే మన ఆలంకారికులు లక్షణ అంటారు, దానికి వాళ్ళు చెప్పే పాత ఉదాహరణ కూడా నీకు పనికొస్తుంది: గంగలో గొల్లపల్లె. పల్లె నీళ్ళలో ఉండదు, ఒడ్డున ఉంటుంది.

లైటటీజ్ అంటే కాదన్నట్టు చెప్పి ఔననడం. మెచ్చుకోవడానికి మనసొప్పని పెద్దవాళ్ళు "పిల్ల తెలివితక్కువదేమీ కాదు" అంటారు చూడు, అదే. కయాజ్మస్‌కు ఆ పేరు వచ్చింది గుణకారం గుర్తులా ఉండే గ్రీకు అక్షరం నుంచి. మాటలు అడ్డంగా దాటుకుంటాయి. తినడానికి బతకడమా, బతకడానికి తినడమా అన్నప్పుడు మనం గీసేది ఆ గుర్తే. దేశం నీకేమి చేయగలదని కాదు, దేశానికి నువ్వేమి చేయగలవో అడుగు అని 1961లో కెనెడీ అన్నది కూడా ఆ అచ్చులో పోసిందే. ఇక జూగ్మా. గ్రీకులో ఆ మాటకు కాడికి కట్టడం అని అర్థం. మన యోగం, ఇంగ్లిష్ యోక్, గ్రీకు జూగ్మా, మూడూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. ఒకే క్రియకు రెండు పొంతన లేని నామాలను కట్టడం దాని పని. "ఆ పెద్దమనిషి రెండు పూటల భోజనమూ నా బుర్రా తిన్నాడు" అన్నావంటే జూగ్మా వాడినట్టే. ఈ వాక్యం ఒకసారి విన్నవాళ్ళకు కార్డు అక్కరలేదు.

అన్నీ ఇలా జతపడతాయని మాత్రం అనుకోకు. ఐరనీని వ్యాజస్తుతి అనేస్తే ఇబ్బందిలో పడతావు. పొగిడినట్టు తిట్టడం, తిట్టినట్టు పొగడడం ఐరనీలో ఒక మూల మాత్రమే; జరుగుతుందనుకున్నదానికి పూర్తి విరుద్ధంగా జరగడం కూడా వాళ్ళకు ఐరనీయే. టోన్, అంటే రచనలో వినబడే స్వరం, దానికి మన అలంకారాల్లో సరిజోడు వెతకడం దండగ. అలాంటివి వాళ్ళ ఉదాహరణలతోనే నేర్చుకోవాలి.

నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. వాక్యాన్ని తెలుగులో కట్టుకుని మాటకు మాట ఇంగ్లిష్‌లోకి మోసుకుపోతే అది అక్కడ కుంటుతుంది. మిగతా సగంతో నేను ఏకీభవించను. లింకన్ ఎందుకు కాదన్నాడో ఆలోచించడానికి ఏ భాషయినా చాలు. ఇప్పటి నుంచి ఏడు వారాల పాటు, వ్యాసం రాసే ముందు రెండు నిమిషాలు తెలుగులో పైకి చెప్పుకో: ఈయన ఎవరిని ఎటు లాగుతున్నాడు, ఎలా? తర్వాత ఆ మాటలను మరిచిపోయి, నీకు బాగా తెలిసిన చిన్న ఇంగ్లిష్ మాటలతో రాయి. ఒక్కో వ్యాసానికి దొరికేది నలభై నిమిషాలు కాబట్టి చివరి మూడు వారాలు ఆ రెండు నిమిషాలు కూడా ఇంగ్లిష్‌లోనే గడపడం అలవాటు చేసుకోవాలి. అప్పుడు మొదట్లో కాస్త బిగుసుకుపోతావు, కంగారుపడకు. అట్టపెట్టెలో పెట్టిన పుస్తకాలు మాత్రం బయటికి తీయి.

నొటోరియస్ సంగతికి వద్దాం. పరమపదించారు, కన్నుమూశారు, చనిపోయారు, పోయాడు, చచ్చాడు. నిఘంటువును అడిగితే ఐదింటికీ ఒకటే అర్థం చెబుతుంది. పరామర్శకు వచ్చినవాడెవడైనా "మీ తాతగారు చచ్చాడట కదా" అంటే ఏమవుతుందో నీకు ఎవరూ పాఠం చెప్పలేదు. చిన్నప్పటి నుంచి వింటూ వచ్చావు కాబట్టి తెలుసు. ఇంగ్లిష్ మాటల దగ్గర నీకు లేనిది ఆ వినికిడి. కార్డు అర్థం చెబుతుంది, ఆ మాట ఎవరి నోట్లో ఎలా ఉంటుందో చెప్పదు. నొటోరియస్ అంటే చెడ్డపేరుతో ప్రసిద్ధుడు. ప్లెథోరా అంటే పిల్లలంతా "చాలా" అనుకుంటారు. అది ఒకప్పుడు ఒంట్లో రక్తం ఎక్కువైపోయిన జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు. ఇప్పటికీ ఆ మాటలో అవసరానికి మించిపోయిందన్న ఛాయ ఉంది. "లింకన్ దగ్గర ప్లెథోరా సుగుణాలున్నాయి" అంటే కాస్త తగ్గితే బాగుండునన్నట్టు వినబడుతుంది.

ఆ వెయ్యి పదాల పెట్టె ఏ పరీక్ష కోసం తయారైందో నాన్నగారితో కలిసి ఒకసారి చూడు. అరుదైన మాటలతో ఖాళీలు నింపించే ప్రశ్నలను, కళాశాల ప్రవేశాలకు రాసే ఎస్ఏటీ పరీక్ష 2016లో తీసేసింది. పెద్ద మాటల పెట్టెలకు గిరాకీ తెచ్చిన అలవాట్లలో అదొకటి. విశ్లేషణ వ్యాసానికి నీకు కావలసినవి రెండు రకాల మాటలు. రచయిత చేసే పనిని చెప్పే క్రియలు: ఎదుటివాడి మాట కొంత ఒప్పుకుంటే కన్సీడ్, ఖండిస్తే రెఫ్యూట్, తన మాటకు తానే హద్దు గీస్తే క్వాలిఫై, ముందు అన్నదాని కాళ్ళ కింద నేల తవ్వితే అండర్‌కట్. ఇంకొకటి స్వరాన్ని చెప్పే విశేషణాలు: రై అంటే పెదవి చివర నవ్వు, సార్డానిక్ అంటే పళ్ళు కనబడే ఎత్తిపొడుపు. వీటి మధ్య తేడా తెలిస్తే బహుళైచ్ఛిక ప్రశ్నల్లో కూడా లాభం. అటూ ఇటూ కలిపి అరవై మాటలు చాలని నా లెక్క. కార్డు ముందు వైపు నువ్వు చదివిన పాఠంలోని అసలు వాక్యం, మాట ఉన్నచోట ఖాళీ వదిలి. వెనక వైపు మాట, దాన్ని ఎవరు ఎవరితో అంటారో ఒక ముక్క. అర్థం రాయనే వద్దు.

ఆ రోజు గెటిస్‌బర్గ్‌లో ప్రధాన వక్త లింకన్ కాదు. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే మహావక్త ఆయనకు ముందు రెండు గంటలు మాట్లాడారు. నీ జాబితాలోని సరుకు చాలావరకు అందులో దొరుకుతుంది. లింకన్ మాట్లాడింది 270 మాటలకు అటూ ఇటూ. మర్నాడు ఎవరెట్ స్వయంగా లింకన్‌కు ఉత్తరం రాశారు: మీరు రెండు నిమిషాల్లో చేరుకున్న అసలు విషయానికి నేను రెండు గంటల్లో అంత దగ్గరగా వచ్చానని అనుకోగలిగితే సంతోషించేవాణ్ణి అని. ఆ పెద్దరికం నాకు ప్రసంగమంత ఇష్టం.

ఇప్పుడు నీ మూడు దారులు. జాబితా మొత్తం మళ్ళీ చదివితే శుక్రవారం పద్దెనిమిది అలాగే నిలబడుతుంది, బహుశా ఇరవై కూడా అవుతుంది. ఆ మార్కులు తరగతి గ్రేడులో కలుస్తాయి కాబట్టి అవి ఉత్తివి అనను. కానీ వ్యాసం కదలదు, పది వారాలు గడిచిపోతాయి. జాబితాను పూర్తిగా వదిలేస్తే వ్యాసాలకు సమయం దొరుకుతుంది. గ్రేడు మాత్రం దెబ్బతింటుంది, టీచరుకు నీ మీద అనుమానం వస్తుంది, ఆ జంకు మళ్ళీ వ్యాసంలోకే వస్తుంది. నేను మొగ్గేది జాబితాను రెండుగా చీల్చే వైపు. నువ్వు రాసేటప్పుడు నిజంగా వాడగలిగినవి పాతికో ముప్పయ్యో ఏరుకో: పోలిక, విరోధం పక్కపక్కన పెట్టడం, పునరుక్తి రకాలు, వాక్యం పొడుగు పొట్టి, ఎత్తిపొడుపు, ఒప్పుకోలు. వాటికి ఒక్కోదానికి తెలుగు ఉదాహరణ ఒకటి, ఇంగ్లిష్ రచనలో నువ్వు స్వయంగా పట్టుకున్నది ఒకటి. మిగిలిన తొంభైని శుక్రవారం కోసం గుర్తుపట్టేంత మటుకు చదువు, గురువారం సాయంత్రం అరగంట మించకుండా. ఈ దారిలో ఒక నష్టం ఉంది: శుక్రవారం మార్కు పదహారుకు జారవచ్చు. నాన్నగారికి ముందే చెప్పి ఉంచు.

వారానికి రెండు పేరాలు చాలు, పూర్తి వ్యాసం రెండు వారాలకొకటి. టీచరు దగ్గరకు వెళ్ళి "నా మార్కు ఎలా పెంచుకోవాలి?" అని అడగకు, ఆ ప్రశ్నకు అందరికీ చెప్పే జవాబే వస్తుంది. నీ పేరా ఒకటి ముందు పెట్టి, "మీరు అయితే ఏమిటి అన్నారు కదా, ఈ వాక్యం తర్వాత మీరైతే ఏమి రాస్తారు?" అని అడుగు. ఎదురుగా ఒక వాక్యం రాయించుకోగలిగితే నా ఉత్తరం కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

పరీక్షే మానుకోవడం గురించి. కోర్సు పూర్తి చేసి పరీక్ష రాయకుండా ఉండే వీలు మీ పాఠశాల నియమాలను బట్టి ఉంటుంది, కౌన్సెలర్‌ను అడుగు. మానుకుంటే ఈ పది వారాలు ప్రశాంతంగా ఉంటాయి, కళాశాలలో క్రెడిట్, అంటే అక్కడి కోర్సు ఒకటి చదివినట్టే లెక్క, దొరికే అవకాశం ఒకటి పోతుంది. ఆ క్రెడిట్ కూడా ఖాయమైనది కాదు: ఒకటి నుంచి ఐదు వరకు ఉండే స్కోరులో కొన్ని కళాశాలలు మూడు చాలంటాయి, కొన్ని నాలుగో ఐదో కావాలంటాయి, కొన్ని దేనికీ ఇవ్వవు. రాసి తక్కువ వచ్చినా ఆకాశం విరిగి పడదు. నీ మాటల్లో పరీక్ష భయం కన్నా నవ్వులపాలవుతానన్న భయం ఎక్కువగా వినబడింది, అందుకే ఈ దారిని ఇప్పుడే పట్టవద్దంటున్నాను. నాలుగు వారాల తర్వాత కూడా పుస్తకం తెరవగానే గుండె దడదడలాడితే, నిద్ర పట్టకపోతే, అప్పుడు అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకో.

ఆ నవ్వుల గురించి ఒక్క మాట. ఎపిటమీని ఎపిటోమ్ అన్నవాళ్ళు ఆ మాటను ముందు పుస్తకంలో కలుసుకున్నారని అర్థం. విని నేర్చుకున్నవాళ్ళకు ఆ తప్పు చేసే అవకాశమే లేదు. గ్రీకు నుంచి వచ్చిన ఇలాంటి మాటల్లో చివరి అక్షరం బతికి ఉంటుంది. కెటాస్ట్రఫీ నీకు తెలిసిన మాటే. దాని పక్కన ఎపిటమీ, హైపర్బలీ, సినెక్డకీ, ఎపిస్ట్రఫీ వరసగా పెట్టి నాలుగుసార్లు పైకి చదువు. అవన్నీ ఒకే తోక ఉన్న జంతువులు. అయినా మే నెల పరీక్షలో నోరు తెరిచే పని లేదు, అంతా రాతే.

నాన్నగారు కొన్నది ప్రేమతో కొన్న పెట్టె. భోజనాల దగ్గర ఆ ఆట మానిపించకు, దిశ మార్పించు. పది పదాలకు బదులు ఆ రోజు విన్న ఒక్క మాట: అది ఎవరు ఎవరితో అన్నారు, ఇంకెలా అనవచ్చు, అలా ఎందుకు అనలేదు? ముందుగా నువ్వే ఒకటి అడుగు, నవ్వుతూనే అడుగు: "నాన్నా, తెలుగులో ఆలోచించడం మానెయ్యమన్నారు కదా, ఆ మాట మీరు ఏ భాషలో అన్నారు?"